నాలుగు వేళ్ళ జాతి

సాయంత్రం ఆరయితే
మా ఇంట్లో మార్కాపురం మాట ఆగిపోద్ది.

"ఓహ్ మిత్రమా, ఇది చాలా ప్రమాదకరం!"
అంటది ఏడేళ్ళ రిజ్వానా,
బిందెడు నీళ్ళు ఒలకబోసి.
"పద, మనం వెంటనే తప్పించుకోవాలి!"
వాళ్ళమ్మ చీపురు అందుకునే లోపల
మంచం కిందికి తప్పించుకుంటది.

ఈ తెలుగు యాడిదో నాకు తెలవదు.
గుంటూరుది కాదు, కడపది కాదు.
ఏ తల్లీ ఇట్టా మాట్లాడి బిడ్డని సాకి ఉండదు.
ఏ గాజు గదిలోనో కూర్చుని ఎవరో
బొమ్మ పెదాలు కదిలినంత మేరకే
కొలిచి కోసిన తెలుగు,
మేం రాయిని కోసినట్టు.
అంచులు నున్నగా ఉంటయి,
చేతికి గుచ్చుకోదు.

ఆ టీవీలో ఒక ఉడత.
గొడుగు పట్టుకుని కొండ మీంచి దూకుద్ది.
గొడుగు తిరగబడుద్ది.
ఉడత నేల మీద రొట్టె మాదిరి పరుచుకుంటది.
మళ్ళీ లేసి ఒళ్ళు దులుపుకుంటది.
రోడ్డు రోలరు ఎక్కినా అంతే,
పిడుగు పడినా అంతే,
కాస్త పొగ, రెండు నక్షత్రాలు, మళ్ళీ పరుగు.
నేను అన్నం తింటా చూస్తా.
నవ్వొస్తది. ముద్ద మాత్రం
గొంతు దగ్గర కాసేపు ఆగుద్ది.

పలకల ఫ్యాక్టరీలో కోత చక్రం నాది.
ఒక మిట్టమధ్యాన్నం పోయిన కరెంటు
చెప్పకుండా తిరిగొచ్చింది.
ఎడమ చేతి చిటికెన వేలు
రాయితో పాటే కొలత ప్రకారం తెగింది.
దస్తగిరి దాన్ని తువ్వాల్లో చుట్టి
ఆటోలో నా పక్కనే కూర్చున్నాడు.
ఒంగోలు పోతే అతికిస్తారన్నారు.
పోయేసరికి పొద్దుగూకింది.
ప్రకటనలు అయిపోయినాక కూడా
ఏమీ మొలవలా.

రెండేళ్ళు ఆ చేతిని జేబులో పెట్టుకుని తిరిగా.
బళ్ళో తల్లిదండ్రుల మీటింగుకి పోయి
సంతకం పెట్టేటప్పుడు కాగితాన్ని
మోచేత్తో అదిమి పట్టుకున్నా.

నిన్న కరెంటు పోయింది.
ఉడత అప్పుడే దూకింది. ఇంకా గాల్లోనే ఉంది.
రిజ్వానా ఏడవలా.
గూట్లోంచి పలక తీసింది,
చెక్క చట్రం వేసి మేం చేసిన ఆఖరి పలకల్లో ఒకటి.
ఇప్పుడు మేం కోసేది
ఎవరెవరి ఇళ్ళ గోడలకో, స్నానాల గదులకో.
బళ్ళకి కాదు.

సెల్లు లైటు నన్ను పట్టుకోమంది.
ఉడతని గీసింది. అరచేత్తో తుడిచింది.
కొంచెం కింద గీసింది. తుడిచింది.
ఇంకొంచెం కింద.
తడి ఆరకముందే మళ్ళీ గీత,
పాత ఉడత మసకగా ఉండంగానే కొత్త ఉడత.
మా అమ్మ మీద ఒట్టు,
నా కళ్ళ ముందు అది పడింది.
ఇన్నేళ్ళు ఇన్ని వేల పలకలు కోశా,
రాయిలో ఇంత కదలిక ఉందని
ఎవరూ చెప్పలా.

"చెయ్యి చూడు" అంది.
గొడుగు పట్టుకున్న చెయ్యి.
బలపంతో తడతా, "ఎన్ని వేళ్ళు?"
నాలుగు.
"పోలీసు తాబేలుకి?"
ఎప్పుడూ చూళ్ళేదన్నా.
"నాలుగే. టీచరమ్మకీ నాలుగే, రాజుకీ నాలుగే.
అందరివీ లెక్కబెట్టా నేను."
తర్వాత, లైటు పట్టుకున్న నా ఎడమ చేతిని
తన వైపుకి తిప్పుకుని
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
చిటికెన వేలు ఉండాల్సిన చోట
బలపం కాసేపు ఆపి,
ఇంట్లో దొంగ దూరినప్పుడు చెప్పేంత మెల్లగా
"నాన్నా, నువ్వు వాళ్ళ వాడివి" అంది.

కరెంటొచ్చేసరికి ఉడత లేదు.
ఎవరో ఆడమనిషి సబ్బు పట్టుకుని నవ్వుతుండాది.
"ఏందిది, అయిపోయిందే!" అని
రిజ్వానా మార్కాపురంలోకి వచ్చి పడింది.

పొద్దున ఫ్యాక్టరీలో దస్తగిరికి చెప్పా.
వాడు చక్రం ఆపి
బూడిద రంగు దుమ్ములో ముంచి తీసినట్టున్న
తన పది వేళ్ళనీ అటూ ఇటూ తిప్పి చూసుకుని
"మరి నేను ఎవర్ని రా?" అన్నాడు.
చాలాసేపు ఆలోచించా.
"నువ్వు ప్రకటనల్లో వచ్చేవాడివి" అన్నా.